రెండు సీళ్ళ రాగిపిండి

పోట్లాటకు సిద్ధపడి వెళ్ళిన మనిషికి అవతలివాళ్ళు పోట్లాట ఇవ్వకపోతే ఒళ్ళు మండుతుంది. రోహిణికి ఆ సాయంత్రం అదే జరిగింది.

డ్యూటీ దిగి, భిలాయి-3 నుంచి కోహ్కా దాకా స్కూటీ మీద వానలో తడుస్తూ వచ్చింది. దారంతా మాటలు నూరుకుంటూనే వచ్చింది, తెలుగులో ఒక వరస, హిందీలో ఒక వరస. కొట్టువాడు ఏ భాషలో బుకాయిస్తే ఆ భాషలోనే దులిపెయ్యాలని.

మెయిన్ రోడ్డు మీద పచ్చరంగు బోర్డు, ‘దెబోరా నేచురల్ ఫుడ్స్’ అని. లోపల గాజు సీసాల్లో కొర్రలు, సామలు, గానుగ నూనె, వానాకాలం కదా అని చెమట పడుతున్న బెల్లం. కౌంటర్ వెనక ఒక కుర్రాడు. చూడ్డానికి బాగానే ఉన్నాడు. బాగున్నవాళ్ళు మంచి పిండి అమ్మాలని రూలేం లేదుగా అనుకుని రోహిణి సంచిలోంచి పాకెట్ తీసి ఠప్పున పెట్టింది.

“భయ్యా, ఇది మీ కొట్లోదే. మొలకల రాగిపిండి. మా అమ్మ కొన్నాది. ఓసారి వాసన చూడండి.”

కుర్రాడు వాసన చూడలేదు. పాకెట్‌ని అటూ ఇటూ తిప్పనైనా లేదు. కౌంటర్ కిందకి తోసేసి, వెనక అరలోంచి ఇంకోటి తీసి చేతికిచ్చాడు.

“సారీ మేడమ్. ఇది తీసుకెళ్ళండి.”

“అంతేనా?”

“కవర్ కావాలా?”

“కవర్ కాదు. వాసన చూడరా మీరు?”

“మీరు చూశారు కదా.”

“నేను అబద్ధం చెప్తున్నానేమో?”

“చెప్తున్నారా?”

“లేదు!”

“మరింకేటి మేడమ్?”

నూరుకున్న మాటలన్నీ రోహిణి గొంతులోనే ఉండిపోయాయి. ఏ కొట్టువాడైనా ముందు ‘మీ ఇంట్లో తడి చెంచా పెట్టుంటారు’ అంటాడు. తర్వాత ‘ప్రిజర్వేటివ్స్ వెయ్యం కదండీ’ అంటాడు. ఆఖర్న ‘బిల్లుందా’ అంటాడు. ఇతను ఒక్కటీ అనలేదు.

“నాకో డౌట్,” అంది. “నేచురల్ అంటే పాడైపోడం కూడా నేచురలేనా భయ్యా?”

అతను మొదటిసారి నవ్వాడు. “ఆ భయ్యా ఒక్కటి ఒగ్గేస్తే రెండు పాకెట్లిస్తానండి.”

భిలాయిలో కూరగాయలబ్బాయీ భయ్యాయే, ఆటో అబ్బాయీ భయ్యాయే. ఆ మాటకి అర్థమేమీ ఉండదు. అయినా ఇతనికి గుచ్చుకుందంటే కారణం ఏమై ఉంటుందో రోహిణి ఆలోచించలేదు. ఆమె బుర్రంతా ఆ కౌంటర్ కిందకి పోయిన పాకెట్ మీదే ఉంది. చూడకుండా ఎలా తీసుకున్నాడు? పాడైందని ముందే తెలిసినట్టు?

రోహిణికి పుట్టుకతో వచ్చిన జబ్బు అది. రైల్వే లోకో షెడ్ లాబ్‌లో ఆమె ఉద్యోగం ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో తేమ ఉందో లేదో చూడటం. జీతం చూడ్డానికే ఇస్తారు. ఆమె మాత్రం తేమ ఎక్కడ్నించి వచ్చిందో తేలేదాకా లంచ్ బాక్స్ తెరవదు.

ఇంటికి రాగానే వాళ్ళమ్మ గౌరీదేవి ఎదురొచ్చింది.

“ఇచ్చీసాడా? ఏటీ అన్లేదా? సూసావా మరి, ఎంత మంచి కుర్రోడో. హార్వే అని, సామ్యూల్ గారబ్బాయి. నువ్వేటి ఊరికే ఎగిరెగిరి పడ్డావు.”

“ఎగరమని పంపింది నువ్వే కదమ్మా!”

“ఆ పిండి తాజాగుంటాదే. పొద్దున్నెల్తే ఆ పెద్దాయన సేతిలో పెడతాడు, ఎచ్చగా. మిషన్లోంచి అలా దింపి అలా సీలేసి. ఈ కోహ్కాలో ఇంకెవడిస్తాడు సెప్పు?”

“తాజాగా ఉంటే పది రోజులకే ముక్కు పట్టుకోవాల్సి ఎందుకొచ్చింది?”

రోహిణి నాన్న, రిటైర్డ్ రైల్వే గార్డ్ బంగార్రాజు గారు పేపర్ వెనక నుంచి, “నాకు సుగర్ తగ్గితే సాలు, వాసనెలాగున్నా తాగీసి ఊరుకుంటాను,” అన్నారు.

మార్చుకొచ్చిన పాకెట్ నెలదాకా శుభ్రంగా ఉంది. ఆ తర్వాత కొన్నది మళ్ళీ ముక్కింది. మూడోది బాగుంది. నాలుగోది గడ్డ కట్టింది. ఒకే కొట్టు, ఒకే రాగులు, ఒకే మిషను. కొన్ని ఎందుకు బాగుంటున్నాయి? కొన్ని ఎందుకు పాడవుతున్నాయి? రోహిణికి నిద్ర పట్టడం తప్ప అన్నీ అయ్యాయి.

పాకెట్ పాడైనప్పుడల్లా తనే తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. హార్వే చూడకుండా మార్చివ్వడమూ మానలేదు.

“ఈ పిండి మీద మీకేటి పగ రోహిణి గారూ?”

“పగ కాదు, క్యూరియాసిటీ. మీ రాగులెక్కడ్నించి వస్తాయి?”

“బస్తర్ నుంచి.”

“ఎండబెట్టేది?”

“మేడ మీద. వానొస్తే లోపల. మా తాతముత్తాతల సంగతి కూడా చెప్పాలా? శ్రీకాకుళం దాకా వెళ్ళాల్సొస్తుంది.”

“కాసేపాగి వెళ్దాం. ముందు మిషన్ చూపిస్తారా?”

హార్వే ముఖంలో నవ్వు ఠక్కున ఆగింది. “మిషన్ దగ్గరికి మా నాన్న ఎవర్నీ రానివ్వడు,” అన్నాడు. బయట వాన పెద్దదైంది. అతను గొడుగు తీసి ఇచ్చాడు, అడక్కుండానే. ఆ గొడుగు తిరిగివ్వడానికి ఇంకోసారి రావాలని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనలేదు. ఎప్పుడు మానేసిందో తెలీదుగాని, రోహిణి భయ్యా అనడం మానేసింది. దాన్ని మొదట కనిపెట్టింది గౌరీదేవి.

ఒక ఆదివారం పొద్దున్న గొడుగుతో వెళ్తే కౌంటర్‌లో సామ్యూల్ గారే ఉన్నారు. పొడుగాటి మనిషి, కాళ్ళకింకా ప్లాంటు బూట్లే. స్టీల్ మెల్టింగ్ షాపులో లేడిల్ దగ్గర పనిచేసి రిటైరయ్యారు. లేడిల్ అంటే కరిగిన ఉక్కుని పట్టే గంగాళం, మనుషులు నిలబడితే మునిగిపోయేంత. ఆయన లోపల్నించి ఒక పాకెట్ తెచ్చి రోహిణి రెండు చేతుల్లో పెట్టారు.

“సూడు తల్లీ, ఎచ్చగుంది కదా? తాజా అంటే ఇదీ. ఏడి పోతే సరుకు పోయినట్టే. ప్లాంటులో హాట్ మెటల్‌ని ఒక్క నిమిషం ఒగ్గేస్తే ఏటవుద్దో తెలుసా? గడ్డకట్టీసి కూకుంటాది. ఎంటనే మూత, ఎంటనే పరుగు. పిండైనా అంతే.”

పాకెట్ నిజంగానే వెచ్చగా ఉంది. పక్కనున్న ఆవిడ, “అరె వా, ఏక్‌దమ్ గరమ్!” అంది. ముసలాయన ముఖం వెలిగిపోయింది. వెనక నిలబడ్డ హార్వే తండ్రి వైపు చూసిన చూపులో ప్రేమా ఉంది, భయమూ ఉంది. ఆ భయం దేనికో రోహిణికి అంతుపట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ కళ్ళని అంతసేపు చూడటం వల్ల మిగతావేవీ అంతుపట్టలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె పక్కింటి సాహూ ఆంటీ దగ్గరా, ఎదురింటివాళ్ళ దగ్గరా దెబోరా వారి పాకెట్లన్నీ పోగుచేసి డైనింగ్ టేబుల్ మీద పరిచింది. బాగున్నవి ఇటు, ముక్కినవి అటు.

“భోజనాల బల్ల మీద ఈ భాగోతం ఏటే?” అంది గౌరీదేవి.

“ఆగమ్మా.”

ఒక్కోటీ వెలుతురుకి పెట్టి చూసింది. వాసన చూసింది. వేలితో తడిమింది. అప్పుడు తగిలింది వేలికి. బాగున్న ప్రతి పాకెట్‌కీ మూతి దగ్గర రెండు సీళ్ళున్నాయి. పైసీలు కింద వంకరగా కోసిన గాటు, ఆ గాటుకింద మళ్ళీ ఒక సీలు. ముక్కిన ప్రతి పాకెట్‌కీ ఒక్కటే సీలు.

అంటే ఎవరో విప్పి మళ్ళీ మూశారు. విప్పినవి బాగున్నాయి, విప్పనివి పాడయ్యాయి. ఇదెక్కడి చోద్యం? పాకెట్ విప్పితే కదా పాడవాలి!

కాసేపటికి ఆమెకి ఇంకో ఆలోచన వచ్చింది. చూడకుండా తీసుకునే ఆ పాత పాకెట్లు ఎక్కడికి పోతున్నాయి? కొత్తపిండిలో కలిపేసి మళ్ళీ సీలేసి అమ్ముతున్నాడా? గొడుగిచ్చిన చేతులతోనే? రోహిణికి ఏడుపొచ్చినంత పనైంది. పిండి కోసం ఎవరూ ఏడవరని అప్పుడే గుర్తొచ్చి, తనకే భయమేసింది.

బుధవారం సాయంత్రం సామ్యూల్ గారు చర్చిలో ప్రార్థన కూడికకి వెళ్తారని గౌరీదేవి మాటల్లో తెలిసింది. ఆ వేళకి రోహిణి వెళ్ళింది. షట్టర్ సగం దించి ఉంది. వంగి లోపలికి దూరింది. వెనక గదిలో లైటు వెలుగుతోంది.

నేలమీద దుప్పట్లు పరిచి, వాటి నిండా పిండి ఆరబోసి, మధ్యలో హార్వే మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన విప్పిన పాకెట్లు, ఒక చిన్న సీలింగ్ మిషను.

“దొరికారు!” అంది రోహిణి.

హార్వే ఉలిక్కిపడి లేచాడు. లేవడంలో చెయ్యి ఆసరాకని గోడకి ఆన్చాడు. ఆన్చింది ఫ్యాన్ స్విచ్ మీద. ఆ తర్వాత కాసేపు ఎవరికీ ఎవరూ కనపడలేదు.

ఫ్యాన్ ఆగేసరికి ఇద్దరూ నెత్తినించి కాళ్ళదాకా రాగిరంగులో ఉన్నారు. నవ్వకూడదని రోహిణి పళ్ళు బిగపట్టింది. కోపంగా ఉండాలి కదా మరి.

“వెనక్కొచ్చిన ముక్కిన పిండే మళ్ళీ సీలేసి అమ్ముతున్నారా?”

“ఛ! కాదు! ఇది పొద్దుటిది. కావాలంటే వాసన చూడండి.”

“మీరెప్పుడూ చూడరు, నన్ను చూడమంటారు.” చూసింది. కమ్మగా ఉంది. వేయించిన మొలకల వాసన. “మరి పాడైనవి?”

“పెరట్లో గొయ్యి తీసి కప్పెట్టేస్తున్నాను. మా బొప్పాయి చెట్టు చూడండి, ఎలా ఎదిగిపోయిందో.”

“మరి ఇదేటి? ఎందుకు విప్పుతున్నారు?”

హార్వే నేలమీద కూలబడ్డాడు. “చల్లార్చడానికి.”

అంతే, రోహిణికి అర్థమైపోయింది. వేయించి, వేడివేడిగా మరపట్టి, ఆ వేడిమీదే ప్లాస్టిక్‌లో సీలేస్తే ఆవిరి ఎక్కడికి పోతుంది? లోపలే నీరవుతుంది, పిండే తాగుతుంది. ముక్కిపోదూ మరి? రోజూ నూనెలో తేమని వెతికే మనిషి, చేతిలో వెచ్చగా పెట్టించుకుని కూడా కనిపెట్టలేకపోయింది. ఎందుకు కనిపెట్టలేకపోయిందో పైన చెప్పాను.

“మా అమ్మ సున్నుండలు చల్లారేదాకా డబ్బా మూత పెట్టనివ్వదు,” అంది. “ఆవిడే మీ వేడి పాకెట్ కోసం క్యూలో నిలబడుతోంది! మీ నాన్నగారికి చెప్పొచ్చు కదా?”

“చెప్పలేను.”

“క్యోం?”

హార్వే చెప్పాడు. దెబోరా అంటే వాళ్ళమ్మ పేరు. సామ్యూల్ రిటైరైన ఏడాదే ఆవిడ పోయింది. ఆ తర్వాత ఆయన వరండాలో కుర్చీ వేసుకుని ప్లాంటు పొగగొట్టాల కేసి చూస్తూ కూర్చునేవాడు. పలకరిస్తే ‘ఊఁ’ అనేవాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. హార్వే రాయ్‌పూర్‌లో ఉద్యోగం మానేసి వచ్చి ఈ కొట్టు పెట్టింది ఆ కుర్చీలోంచి ఆయన్ని లేపడానికే.

“మొదటిరోజు ఎవరో పాకెట్ పట్టుకుని, అరె గరమ్ హై అన్నారు. మా నాన్న నవ్వాడు రోహిణి గారూ. అమ్మ పోయాక అదే మొదటిసారి. ఇప్పుడు నీ చేతి పని వల్లే పిండి పాడవుతోంది నాన్నా అంటే మళ్ళీ ఆ కుర్చీలోకే పోతాడు. అమ్మ పేరు మీద కొట్టు కదా, ఇంక ఇటు తొంగి కూడా చూడడు. అందుకే ఆయన కూడికకి వెళ్ళినప్పుడు నేను విప్పి, ఆరబెట్టి, మళ్ళీ సీలేస్తున్నాను. కుదరనివి అలాగే అమ్ముడైపోతాయి. అవే మీరు తెస్తారు.”

రోహిణి చున్నీ నడుముకి చుట్టుకుని ఎదురుగా కూర్చుని పాకెట్లు పట్టడం మొదలుపెట్టింది. ఆమె పాకెట్ మూతి పట్టుకుంటే అతను సీలేసేవాడు. ఒకట్రెండుసార్లు వేళ్ళు తగిలాయి. ఆ పాకెట్ల సీళ్ళు మరీ వంకరగా వచ్చాయి.

చివరి పాకెట్ అయ్యాక ఆమె లేచింది.

“సాహూ ఆంటీ మనవడికి ఇంకా పళ్ళు కూడా రాలేదు. వాడికి జావ కాచేది మీ పిండితోనే. మొన్న వాళ్ళింట్లో ఉన్నది ఒక్క సీలు పాకెట్. ఆంటీ వాసన చూసింది కాబట్టి సరిపోయింది. చూడకుండా పోసుంటే?”

హార్వే తల దించుకున్నాడు.

“మీ నాన్నగారి నవ్వు మీకు కావాలి. నాకూ కావాలి, నిజంగా. కాని దానికోసం ఊళ్ళో పిల్లల కడుపులతో ఆడుకోకూడదు. చెప్పేయండి. చెప్పేదాకా నేను రాను.”

“రోహిణీ...”

ఆమె షట్టర్ కింద నుంచి వంగి వానలోకి వెళ్ళిపోయింది. గొడుగు తీసుకోలేదు.

చాలా రోజులు గడిచాయి. ‘ఈ మధ్య నువ్వు పాకెట్లు పట్టుకుపోడం లేదేటే, పాడవట్లేదా?’ అని గౌరీదేవి రోజూ అడిగేది, అడిగి కూతురి ముఖంలోకి చూసేది. రోహిణి లాబ్‌లో ఒక శాంపిల్‌కి బదులు ఇంకోటి పరీక్షించి చీవాట్లు తింది.

ఒక సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే భిలాయి-3 స్టేషన్ ముందు టీకొట్టు దగ్గర హార్వే నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగింది. ప్రేమలో పడ్డవాడి గడ్డం కాదది, దిగులు పడ్డవాడిది. రెంటికీ పెద్ద తేడా ఉండదనుకోండి.

“చెప్పారా?” అంది.

“రోజూ మొదలెడుతున్నాను. నాన్నా అంటాను. ఆయన ఇటు చూస్తాడు. టీ తాగుతావా అని అడిగేస్తాను. ఆయనకిప్పుడు టీ అంటేనే విరక్తి పుట్టింది.”

రోహిణికి నవ్వాగలేదు. వెంటనే ఆపుకుంది. “మరెందుకొచ్చారు?”

“ఆదివారం చర్చిలో కోతకాలపు పండగ. అందరూ పంటలో మొదటిది తెచ్చి అర్పిస్తారు, ఆరాధనయ్యాక వేలం వేస్తారు. మా నాన్న కొట్టు తరఫున సంఘంలో ఇంటికో పాకెట్ ఇస్తానని మాటిచ్చేశాడు. శనివారం మరపట్టి, వేడివేడిగా సీలేసి. భిలాయిలో తెలుగు క్రైస్తవుల ఇళ్ళన్నింటికీ ఒకేసారి ముక్కిన పిండి! దెబోరా పేరు మీద! అన్ని పాకెట్లు నేనొక్కణ్ణీ విప్పలేను. సాయం పట్టండి, ఈ ఒక్కసారికి.”

“విప్పడానికి రాను,” అంది రోహిణి. అతని ముఖం పాలిపోయింది. “శనివారం పొద్దున్న వస్తాను. నేనేం చెప్పను. చెప్పాల్సింది మీరే. కాని ఆయన్ని ఒకటి అడగాలని ఉంది నాకు. ఎన్నాళ్ళనించో.”

శనివారం వెనక గదిలో మిషను హోరెత్తుతోంది. ఎవర్నీ రానివ్వని సామ్యూల్ గారు రోహిణిని చూసి, “రా తల్లీ, గుమ్మం కాడ కూకో, పిండెగురుద్ది,” అన్నారు. ఇంకో గుమ్మం దగ్గర హార్వే నిలబడ్డాడు.

“అంకుల్, ఉక్కు పొయ్యకముందు లేడిల్‌ని ఏం చేస్తారు? ఖాళీగా ఉన్నప్పుడు?”

సామ్యూల్ గారు మిషను ఆపేశారు. అలాంటి ప్రశ్న ఆయన్ని కొడుకు కూడా ఎప్పుడూ అడగలేదు.

“మంచి మాటడిగావు. లోపల ఇటికల లైనింగుంటాది. దాన్ని బర్నర్ ఎట్టి గంటల తరబడి కాలుస్తాం. ఎర్రగా అయ్యేదాకా.”

“ఎందుకు?”

“తడి! ఆ లైనింగులో రవ్వంత తడున్నా, పైనించి ఉక్కు పడిందనుకో, ఆ తడి ఆవిరయ్యి బయటికెల్లడానికి దారుండదు. అమాంతం పేలుద్ది. మనుషులు పోతారు. ఈ సేత్తోటే ఎన్ని లేడిల్లు ఎనక్కి పంపీసాననుకున్నావు! ఇంజనీరొచ్చి తొందరెట్టినా ఇనేవోణ్ణి కాను. తడి లోపలుంచి మూసీడమంత పాపం ఇంకోటి...”

ఆయన మాట ఆగిపోయింది. చేతిలో అప్పుడే సీలేసిన పాకెట్ ఉంది. ప్లాస్టిక్ లోపల తెల్లగా ఆవిరి పట్టి, సన్నటి చుక్కలు కిందికి జారుతున్నాయి. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. చాలాసేపు చూశారు. కత్తెర తీసి మూతి కోసి, లోపలి పొరని వేలితో రుద్దారు. వేలు తడైంది.

“నాన్నా,” అన్నాడు హార్వే.

రోహిణి ఊపిరి బిగపట్టింది. ఎక్కడ టీ అంటాడో అని.

“నాన్నా, నాకు తెలుసు. ముందునించీ తెలుసు. నువ్వు కూడికకెళ్ళినప్పుడు విప్పి ఆరబెడుతున్నాను. విప్పలేనివి జనం వెనక్కి తెస్తున్నారు. నీకు చెప్పలేదు. తప్పైపోయింది.”

సామ్యూల్ గారు స్టూలు మీద కూర్చున్నారు. ఆ కూర్చోవడం చూసి హార్వేకి వరండా కుర్చీయే కళ్ళముందు కనపడింది.

“ఎన్నాళ్ళనించిరా?”

“కొట్టు పెట్టిన దగ్గర్నించీ.”

“నన్ను పసిపిల్లోణ్ణి సేసీసావేటిరా బావూ?” ముసలాయనకి కోపమే వచ్చింది. “తప్పు సెప్తే సచ్చిపోతాననుకున్నావేటి? ప్లాంటులో తప్పు సెయ్యనోడెవుడు? నానూ సేసినాను, నా పైవోడూ సేసినాడు. దాసినోణ్ణే గేటు బైట నిలబెట్టేవోళ్ళు. ఇదేం జాలిరా? మీ అమ్మ పేరు మీద ముక్కిన పిండమ్మించిన జాలి!”

హార్వే కళ్ళు తుడుచుకున్నాడు, పిండి చేతులతోనే.

ఆయన బూట్ల తాళ్ళు బిగించుకుని లేచారు.

“ఏడ్సింది సాల్లే. దుప్పట్లు తే. ఇయన్నీ ఇప్పీ. తల్లీ, నువ్వు ఇంటికెల్లిపోతావా, ఉంటావా?”

“ఉంటాను అంకుల్. మా అమ్మని కూడా రమ్మంటాను.”

గౌరీదేవి పాత నూలుచీరల మూటతో ఆటో దిగింది. ‘ఎచ్చగుంటే తాజా అనుకున్నాం గానీ నా బుర్రేమయిపోనాదండీ,’ అని తనని తాను తిట్టుకుంటూనే పిండంతా చేటంత చేతులతో పలచగా పరిచేసింది. పరుస్తూ ఒక కంట కూతుర్నీ, ఒక కంట హార్వేనీ కనిపెడుతూనే ఉంది.

ఆదివారం ఆరాధనయ్యాక చర్చి ఆవరణలో వేలం జోరుగా సాగింది. గుమ్మడికాయలు, అరటిగెలలు, కేకు, ఒక కోడిపుంజు. రోహిణి వాళ్ళు ముగ్గురూ వచ్చారు. బంగార్రాజు గారి నాన్న బాప్తిస్మం తీసుకున్నవాడు, అమ్మ బొట్టు చెరపనిది. అందుచేత ఆయనకి అన్ని పండగలూ తనవే. ముందు బెంచీలో కూర్చుని కోడిపుంజు పాట పెంచేస్తున్నారు.

సామ్యూల్ గారి పాకెట్లు పంచడం మొదలవగానే ఎవరో, “సల్లగున్నాయేటి సామ్యూల్ గారూ? ఏడిగా లేవే?” అన్నారు.

ఆయన లేచి నిలబడ్డారు. అంతమందిలో, తెల్లచొక్కా, ప్లాంటు బూట్లు.

“ఏడిగా ఇచ్చి తప్పు సేసినాను. తడి లోపలుంచి మూసీసాను. ఎవరింట్లో నా పిండి ముక్కిపోయుంటే, నా వల్లే. కొట్టుకి తెండి, మార్చిస్తాను. ఇకనించి సల్లారినాకే సీలు.”

పాస్టర్ గారు “ఆమేన్” అన్నారు. దానికి ఆమేన్ ఎందుకో తెలియకపోయినా అందరూ ఆమేన్ అన్నారు. సామ్యూల్ గారు నవ్వుతూ కూర్చున్నారు. ఆ నవ్వు చూడటానికి ఎవరి దగ్గరా ఏదీ దాచక్కర్లేకపోయింది.

వెనక వేపచెట్టు కింద హార్వే, రోహిణి నిలబడి ఉన్నారు.

“నేనెంత పిచ్చివాణ్ణి,” అన్నాడు హార్వే. “ఆయన ఎంత సులువుగా చెప్పేశాడో చూడు.” అతని మాటలో మీరు పోయి నువ్వు వచ్చిందని ఇద్దరికీ తెలిసింది. “నాకూ ఒకటి చెప్పాలనుంది. పిండి పాడవకపోతే నువ్వింక రావేమో అని, నిన్న ఒక్క సీలు పాకెట్ ఒకటి మీ అమ్మగారికి ఇచ్చేద్దామా అనుకున్నాను. ఇవ్వలేదులే. నువ్వంటే నాకిష్టం రోహిణీ. చాలా.”

రోహిణి చెవులు ఎర్రబడ్డాయి. “నేనూ ఒకటి చెప్పాలి. నేను వెనక్కి తెచ్చినవాటిలో ఆఖరి మూడూ పాడవలేదు.”

“ఏటి?”

“బాగానే ఉన్నాయి. నువ్వెలాగూ వాసన చూడవు కదా.”

“వాటిని గోతిలో కప్పెట్టేశాను!”

“బొప్పాయి చెట్టు తిందిలే.”

“అక్కడేటిరా సెట్టు కింద?” సామ్యూల్ గారి కేక.

రోహిణి వెనక్కి తగ్గబోయింది. హార్వే తగ్గలేదు. ఏడాదిన్నరగా ఒక్క మాట పెగలని మనిషి ఆమె చెయ్యి పట్టుకుని జనం మధ్యనుంచి నేరుగా తండ్రి ముందుకి నడిచాడు. ముందు బెంచీలో బంగార్రాజు గారు, గౌరీదేవి కూడా తలలు తిప్పారు.

“నాన్నా, నేను రోహిణిని పెళ్ళి చేసుకుంటాను.”

సామ్యూల్ గారు కొడుకుని ఎగాదిగా చూశారు. “ముందా పిల్లకి సెప్పావా?”

“చెప్పాను.”

“ఏటన్నాది?”

హార్వే నోరు తెరిచి, మూసి, రోహిణి వైపు చూశాడు. ఆ ముక్క అడగనే లేదు.

“ఊఁ అన్నాను అంకుల్,” అంది రోహిణి.

గౌరీదేవి చీరచెంగు నోటికడ్డం పెట్టుకుని మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. బంగార్రాజు గారు గెలుచుకున్న కోడిపుంజుని ఒళ్ళోకి సర్దుకుని, “మాకు రెండు నెలల కిందే తెలుసు,” అన్నారు.

సామ్యూల్ గారు బెంచీ మీద పక్కకి జరిగి చోటిచ్చారు.

“రా తల్లీ, కూకో.”